రొంప అంటే బురద కాదు

411వ రోజు

ఇది పెద్దాయనకి చూపించే చిట్టా కాదు, నా సొంత పుస్తకం. ఆయన చిట్టాలో తిట్లు రాయనివ్వడు. రాస్తే ఎర్రగీత కొట్టి "భాష సరిచూచుకొనుడు" అంటాడు. నాకేమో తిట్టకుండా ఉద్యోగం చేయడం చేతకాదు. అందుకని ఇక్కడ రాసుకుంటాను.

పెద్దాయన అంటే మనిషి కాదు. మందుల గది గోడలో ఉండే వైద్యయంత్రం. నేను కాంపౌండర్ని, పేరు నూకరత్నం. సముద్రం అడుగున అరవైముగ్గురు బతికే ఈ అడుగూరిలో నాడి పట్టేదీ, కట్టు కట్టేదీ, తిట్లు తినేదీ నేనే. ఏ మందు ఇవ్వాలో చెప్పేది మాత్రం ఆయన. నేను టైపు చేస్తే ఆయన చదివి తీర్పిస్తాడు. నోటితో చెబితే ఆయనకి అర్థం కాదు. ఈ లోతులో పీల్చే గాలిలో హీలియం కలుపుతారు, దాంతో అందరికీ బాతు గొంతులు వచ్చేస్తాయి. మేం పోట్లాడుకుంటుంటే కొత్తగా దిగినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు.

పొద్దున్నే ఓబులేశన్న వచ్చాడు. నాచుతోట తలుపులకి వెల్డింగు చేసే మనిషి, కడప వైపు ఆయన. ముక్కు చీదుకుంటూ వచ్చి బల్లమీద కూలబడ్డాడు.

"పడిశం పట్టింది మ్మా రత్నమ్మా. తలకాయంతా దిమ్ముగుండాది. ఒక మాత్ర పారేయ్, మింగి పోతా."

బాతు గొంతుకి ముక్కు దిబ్బడ తోడైతే ఎలా ఉంటుందో రాయడం నా వల్ల కాదు. నవ్వేశాను. ఆయన ఉరిమి చూశాడు, ఆ వెంటనే తుమ్మాడు, ఉరిమినదంతా వృథా అయిపోయింది.

ఆయన అన్న మాటే చిట్టాలో కొట్టాను: పడిశం. పెద్దాయన వెంటనే, "పడిశము. ఒకటవ దినము. కాచి చల్లార్చిన ఉప్పునీటితో నాసిక శుభ్రము. విశ్రాంతి. యాంటీబయాటిక్ అనవసరము" అన్నాడు. నేను చెప్పేదీ అదే కాబట్టి పేచీ లేదు.

ఉప్పునీళ్ళు ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి రావాలి. ఓబులేశన్నకి నోట్లోంచి వచ్చాయి. రెండోసారి నా అంగీమీదికి వచ్చాయి. మూడోసారి సరిగ్గా వచ్చేసరికి ఆయనకే ఆశ్చర్యం వేసి ఇంకో రెండుసార్లు పోయించుకున్నాడు.

414వ రోజు

ఈ రోజు ఓబులేశన్న చేతిగుడ్డ తెచ్చి నా ముందు పరిచాడు.

"సూడు. పసుపు పచ్చగా, గట్టిగా, గోందు మాదిరి. ఇప్పుడన్నా ఇస్తావా మాత్ర?"

"ముందు ఆ గుడ్డ తియ్యన్నా, నేనింకా టిఫిన్ తినలేదు!"

"మా నాయన కాలంలో పచ్చచీమిడి వస్తే సాలు, డాక్టరే ఇంటికాడికొచ్చి మాత్రలిచ్చేటోడంట."

"అలగిచ్చీసే కదా మన కొంప ముంచీసేరు. క్రిములకి ఆ మాత్రలన్నీ అలవాటైపోయేయి. ఇప్పుడు ఒక్క రకమే పనిచేస్తంది. అదీ తాళం వేసుంది. రంగు చూసి మందివ్వరన్నా. మామూలు రొంపక్కూడా చీమిడి పచ్చగా అవుద్ది. పది రోజుల్లో దానంతటదే పోద్ది."

ఆ ఒక్క రకం మందు నా గదిలోనే ఇనప బీరువాలో ఉంది. తాళం పెద్దాయన చేతిలో ఉంది. ముక్కు జబ్బుకి అది తెరవాలంటే ఆయన మూడు సంగతులు చూస్తాడు. ఒకే జబ్బు పది రోజులైనా తగ్గకపోవడం, తగ్గినట్టే తగ్గి జ్వరంతో తిరగబెట్టడం, ఆ జబ్బులోనే కంటికో మెదడుకో ముప్పు రావడం. ఈ మూడిట్లో ఏదీ లేకపోతే మా అమ్మ దిగొచ్చి కాళ్ళావేళ్ళా పడినా తెరవడు. అది న్యాయమే. నాకూ ఆయనకీ కుదిరిన అతి కొద్ది విషయాల్లో అదొకటి.

అప్పటికే నాచు కోస్తూ వేలు తెగ్గోసుకున్నవాళ్ళు ముగ్గురు వరసలో ఉన్నారు. తొందరలో "రొంప ఎక్కువైంది" అని కొట్టి లేచాను. పెద్దాయన జవాబు విచిత్రంగా వచ్చింది. "పాదములను వెచ్చని నీటితో, సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకొనుడు. వేళ్ళ సందులు మరువరాదు."

సరే, ఇదేదో పాతకాలపు చిట్కా అనుకున్నాను. మా అమ్మమ్మ కూడా రొంపకి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకోమనేది. ఓబులేశన్న బకెట్లో రెండు కాళ్ళూ పెట్టుకుని అరగంట పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. వేళ్ళ సందులు నేనే తోమాను. ఎందుకు తోమానో తోముతున్నప్పుడు అడగలేదు.

416వ రోజు

తగ్గింది! వంటగదిలో చేప మాడిన వాసన ఆరుగదుల అవతలనుంచి పట్టేశాడు. వాసన తెలిసిందంటే ముక్కు తెరుచుకున్నట్టే. నాకు సంతోషం వేసి, కాస్త పద్ధతిగా రాద్దామని "జలుబు తగ్గుముఖం" అని కొట్టాను.

అడుగూరి పెద్ద కొమురమ్మక్క అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. వరంగల్ మనిషి. ఈవిడ నిలబడితే గది సగానికి తగ్గినట్టు ఉంటుంది.

"సర్దికి గిన్ని దినాలు పండుకుంటరానే? నాచుతోట తలుపు అతుకుకాడ నీళ్ళు ఊరుతున్నయి. వెల్డింగు చేసేటోడు ఒక్కడే ఉండె నాకు."

"తీసుకుపో అక్కా, కాని తల కిందికి వంచే పని పెట్టకు."

"తలుపు అతుకు కిందనే ఉంటది మరి. తల మీదికి వెట్టి కింద ఎట్ల అతుకుతడు?"

ఓబులేశన్న ఈల వేసుకుంటూ వెళ్ళాడు. హీలియంలో ఈల వినసొంపుగా ఉండదని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

418వ రోజు

ఈల వేసినవాణ్ణి ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. జ్వరం నూటమూడు. కుడి బుగ్గ మీద వేలు ఆన్చితే చాలు, మంచం మీదినుంచి లేచిపోతున్నాడు.

"వంగితే సాలు మ్మా, మొగమంతా పగిలిపోయేటట్లుండాది. పైపండ్లు గూడా సలుపుతాండాయి. పన్ను పీకేస్తే పోతాదేమో సూడు."

పన్నులో ఏమీ లేదు. పైపళ్ళ వేళ్ళకి ఆనుకునే బుగ్గ ఎముకలో గూడు ఉంటుంది. అక్కడ చీము నిండితే పళ్ళు నొప్పెడతాయి. తగ్గి, మళ్ళీ జ్వరంతో తిరగబెట్టింది. ఇది మామూలు పడిశం కాదని, క్రిములు చేరాయని కాంపౌండర్ పరీక్షలో మొదటి ప్రశ్నకి జవాబు. బీరువా తెరుచుకోవాలి.

నా చేతులు రెండూ తడిగుడ్డల్లో ఉన్నాయి. "అక్కా, మళ్ళీ వచ్చిందని కొట్టు" అన్నాను కొమురమ్మక్కతో. ఆవిడ ఒక్క వేలితో పొడిచి పొడిచి కొట్టింది. ఇద్దరం తెర వైపు చూశాం.

"సర్ది. ఒకటవ దినము. ఉప్పునీటితో నాసిక శుభ్రము. విశ్రాంతి. పూర్వపు పడిశము నయమైనందుకు సంతోషము."

"ఎవరికయ్యా సంతోషం?" అని అరిచాను. "ఇవాళ ఎనిమిదో రోజు!" అని కూడా కొట్టాను. "మూడవ దినము తరువాత పడిశము నమోదు లేదు. జలుబు తగ్గినది. సర్ది ఒకటవ దినము" అని ఓపిగ్గా చెప్పాడు. మధ్యలో తగ్గిందని రాసినందుకు పాత లెక్క మూసేశాడని అనుకున్నాను. వెధవ లెక్క, రేపటికి సరిచేస్తాడు అనుకున్నాను. నొప్పికి, జ్వరానికి మాత్రలిచ్చి పడుకోబెట్టాను. అంతకంటే ఏమీ చేయలేదు. ఇది రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

420వ రోజు

పొద్దున ఓబులేశన్న కుడి రెప్ప ఉబ్బి ఎర్రగా ఉంది. రెప్ప పైకెత్తి నా వేలు చూపించాను.

"తల కదపకుండా, వేలు ఎటు పోతే కన్ను అటు తిప్పు అన్నా."

పైకి తిప్పగానే "అబ్బా" అన్నాడు. పక్కకి తిప్పితే కన్ను సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఎన్ని వేళ్ళు?"

"రెండు."

నేను చూపించింది ఒకటే. ముక్కు పక్క గూళ్ళకీ కంటికీ మధ్య ఉన్నది కాగితమంత ఎముక. చీము అది దాటింది. రోజులో మందు పడకపోతే ఈయన కన్ను పోతుంది. అక్కడితో ఆగకపోతే మెదడుకి ఎక్కుతుంది, మనిషే పోతాడు.

ఉన్నదున్నట్టు చిట్టాలో కొట్టాను. "కండ్లకలక. ఒకటవ దినము. సర్దికి సంబంధము కనబడుట లేదు. చల్లని తడిగుడ్డ." పైనున్న డాక్టర్లకి పంపమన్నాను. వాళ్ళకి ఏది వెళ్ళినా ఈయన రాసిన ముక్కే వెళుతుంది. వాళ్ళు కంటి చుక్కలు వేయమన్నారు. మనుషుల్ని పైకీ కిందికీ మోసే బుడగలో పంపుదామా అంటే, ఎక్కేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, మూసుకుపోయిన గూళ్ళలో గాలి ఉబ్బుతుంది, మనిషి దారిలోనే అయిపోతాడు. ఇక్కడే తేల్చాలి.

"రొంప పదిరోజుల్నించీ ఉందని కొడితే ఇనడేటక్కా ఈడు!" అని పెద్దాయన్ని బూటుతో ఒక్కటి తన్నాను.

కొమురమ్మక్క నా వైపు వింతగా చూసింది. "రొంపేందే? రొంపి అంటె బురద గద. ఓబులేశు బురదల వడ్డడా?"

అప్పుడు అర్థమైంది. పాదాలు. సబ్బు. వేళ్ళ సందులు.

చిట్టా మొదటినుంచీ తిరగేశాను. మూడు రోజులు పడిశం. రెండు రోజులు బురద. రెండు రోజులు జలుబు. మూడు రోజులు సర్ది. ముఖం, పళ్ళు, జ్వరం, ఒకే ముక్కు, ఒకే మనిషి. పెద్దాయన దగ్గర మాత్రం నాలుగు జబ్బులు. ఒక్కోటి వచ్చీ రాగానే నయమైపోయి, పక్కదానికి చోటిచ్చి లేచిపోయినట్టు ఉంది. ఎనిమిదో రోజునే తెరుచుకోవలసిన బీరువా అది. ఆ రెండు రోజులు నా చేతి తొందర మింగేసింది.

గబగబా కొట్టాను: రొంప, పడిశం, జలుబు, సర్ది అన్నీ ఒకటే.

"నాలుగు వేరు పదములు. ఆధారము?"

ఆధారం ఏముంటుంది! "మా అమ్మ" అని కొట్టాను.

"ఆధారము స్వీకరించబడినది. మీ అమ్మ: ముద్రణ సంవత్సరము?"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పక్కనుంచి కొమురమ్మక్క, "ఏమంటున్నడే బాడ్కవ్?" అంది. చెప్పాను. "సుత్తె తెమ్మంటవా?" అంది. బీరువాని బలవంతంగా తీస్తే లోపలి మందుని అదే మండించేస్తుంది. అలా కట్టారు, మాలాంటివాళ్ళు ఉంటారని తెలిసే.

మిగిలింది ఒకటే దారి. పాత నమోదులు మార్చడానికి వీల్లేదు. రాసినవాళ్ళే అవి తప్పుడు రాతలని ప్రకటిస్తే మాత్రం ఆయన వాటిని కొట్టేసి, కొత్తగా చెప్పినదాన్ని తీసుకుంటాడు. ప్రకటించినవాళ్ళకి రాసే హక్కు ఆ క్షణమే పోతుంది. రోగిని ముట్టుకునే హక్కు తర్వాతి బుడగ వచ్చేదాకా ఉంటుంది. ఆ తర్వాత పైకి. హక్కు పోయినవాళ్ళు మళ్ళీ ఎప్పటికీ కిందికి దిగలేరు.

"సర్ది నేను కొట్టిన గదనే," అంది కొమురమ్మక్క. "నాది గూడ రాయి."

"నా పేరు మీద కొట్టేవక్కా."

అబద్ధం ఎందుకు, నేను ఆగాను. ఈ ఉద్యోగం కోసం నాలుగేళ్ళు వరసలో నిలబడ్డాను. పైన ఎండకి జనం నేలకింది గొట్టాల్లో బతుకుతున్నారు. ఇక్కడ నా గది కిటికీలోంచి చేపలు కనిపిస్తాయి. ఆ చేపల్ని ఒకసారి చూశాను. మంచం మీద ఓబులేశన్న కన్ను చేత్తో మూసుకుని, నొప్పికి గోడకేసి మడమ కొట్టుకుంటున్నాడు.

ప్రకటించాను. రొంప నుంచి సర్ది దాకా రోజుకొకటి, ఏడు నమోదులు, నావే, తప్పు. పదిరోజులుగా ఈ మనిషికి ఉన్నది పడిశమే.

పెద్దాయన అంత తొందరగా మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. "పడిశము. పదవ దినము. ఆరవ దినమున తగ్గి ఎనిమిదవ దినమున తిరగబెట్టినది. కంటికి ప్రమాదము. తక్షణము నరము ద్వారా మందు. ఆలస్యము ఏల?"

ఆలస్యము ఏల అట! గోడని ఇంకో తన్ను తన్నాను. బీరువా తెరుచుకుంది.

421వ రోజు

రెండు సీసాలు ఎక్కించాను. కన్ను తగ్గలేదు, పూర్తిగా మూసుకుపోయింది. రెప్ప తీసి చూడబోతే ఓబులేశన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాకు భయంగా ఉంది. నేను రెండు రోజులు ముందు కళ్ళు తెరిచి ఉంటే ఈయన కన్ను తెరుచుకుని ఉండేది. కొమురమ్మక్క గంజి తెచ్చి, అడగకుండానే నా పక్కన కూర్చుంది.

422వ రోజు

జ్వరం దిగింది! మధ్యాహ్నానికి రెప్ప సన్నగా తెరుచుకుంది. పైకి చూడమంటే చూశాడు కానీ నొప్పి ఉంది. ఎన్ని వేళ్ళంటే, "రెండు, కాకపోతే దగ్గర దగ్గరగా ఉండాయి" అన్నాడు. దీనికి చిట్టాలో గడి లేదు. ఉన్నా నేను రాయకూడదు.

423వ రోజు

కొమురమ్మక్క నోరు ఆగలేదు. సంగతంతా ఓబులేశన్నకి చెప్పేసింది. దండం పెడతాడేమో, ఎలా తప్పించుకోవాలా అని నేను చూస్తుంటే, ఆయన మంచం మీద లేచి కూర్చుని తిట్లు అందుకున్నాడు.

"ఎవురు సెయ్యమన్నారు నిన్ను? ఆఁ? ఒక కన్ను పోతే ఇంగోటి లేదా నాకు? ఒంటికన్నుతో వెల్డింగు సేసేటోళ్ళు లేరా? నువ్వు పోతే ఈడ అరవైమందికి ఎవురుండారు? బుద్ధుండాదా నీకు?"

"కన్నుతో ఆగుద్దని రాసిచ్చేవేటి నువ్వు? సచ్చిపోయుందువు!"

"సస్తే సస్తి!"

"సస్తే నీ తలుపులెవడు అతుకుతాడు? కూకో నోర్మూసుకుని, సీసా ఊడిపోద్ది!"

ఇద్దరం బాతుల్లా అరుచుకున్నాం. పక్కగదివాళ్ళు తొంగిచూసి వెళ్ళారు. అరిచి అరిచి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ముక్కు కారుతోందేమోనని గుడ్డ ఇచ్చాను. ముక్కు కాదు. నేనూ అక్కడినుంచి లేచి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

424వ రోజు

బుడగ వచ్చింది. కొత్త కాంపౌండర్ వచ్చే నెలకి గానీ రాడట. అందాకా సీసాలు మార్చడం కొమురమ్మక్కకి నేర్పాను. నాలుగు మాటలూ పెద్ద అక్షరాలతో రాసి తెర పక్కన అంటించాను, కింద "మనిషికి వచ్చేది ఒక్కటే" అని రాశాను. నేను వెళ్ళేముందు పెద్దాయన నాకొక ముక్క చూపించాడు. "ఓబులేశు, కుడి కన్ను: అర్హులైన నమోదుదారు లేనందున పరీక్ష పెండింగ్."

బుడగలో కూర్చున్నాను. తలుపు బిగించారు. పైకి చేరడానికి ఆరు రోజులు పడుతుంది. ఇంతలో గుండ్రటి అద్దం అవతల కొమురమ్మక్క భుజం పట్టుకుని ఓబులేశన్న వచ్చి నిలబడ్డాడు. మంచం దిగొద్దని చెప్పాను కదా ఈ మనిషికి! తిట్టాను. అద్దంలోంచి వినపడదు.

ఆయన ముఖం అద్దానికి దగ్గరగా పెట్టాడు. తల కదపకుండా, నేను అడగకుండానే, కుడి కన్ను పైకి తిప్పాడు. ఆగాడు. కిందికి తిప్పాడు. ముక్కు వైపుకి, చెవి వైపుకి. చిన్నపిల్లలకి పాఠం చెబుతున్నంత నెమ్మదిగా, నాకు కనబడిందా లేదా అని ప్రతిసారీ ఆగి చూస్తూ. ముఖంలో నొప్పి లేదు. నేను ఒక వేలు ఎత్తాను. ఆయన తన చెయ్యి ఎత్తి, ఒక వేలు చూపించాడు.

బుడగ కదిలింది. నాకు రాసే హక్కు లేదు. అయినా రాస్తున్నాను.

ఓబులేశు, కుడి కన్ను. నాలుగు వైపులా తిరుగుతోంది. నొప్పి లేదు. ఒక వేలు ఒకటిగానే కనిపిస్తోంది. పరీక్షించినది: నూకరత్నం, కాంపౌండర్, అడుగూరు.